టికెట్టు లేని దొరలు

టికెట్టు ఎగ్గొట్టి బస్సెక్కినవాణ్ని హాంకాంగ్‌లో కాంటనీస్ జనం నిరంకుశ రాజుతో పోలుస్తారు. మన ఇబ్రహీంపట్నానికి అంత దూరపు రాజులెందుకు? దొరలు చాలు. పొద్దున పూట సాగర్ రోడ్డు బస్సెక్కండి, రకానికొకరు తగులుతారు.

మొదట కాలేజీ దొర. మంగళ్‌పల్లి, శేరిగూడ ఇంజినీరింగ్ కాలేజీల బాపతు. ఫుట్‌బోర్డు వదలడు. టికెట్ అంటే "పాస్" అంటాడు. చూపించమంటే బ్యాగులో ఉందంటాడు. బ్యాగేమో ముందు సీట్లో ఎవరి ఒళ్లోనో ఉంటుంది. సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు తప్పినా బస్సులో మాత్రం పాసే!

తర్వాత బేరం దొర. ఆదిబట్లలో ప్లాటుకు చెప్పిన రేటు నోరెత్తకుండా కట్టిన పెద్దమనిషి. బొంగ్లూరు గేటు దాకా పోవడానికి మాత్రం కండక్టర్ చెవి దగ్గరికొచ్చి, "పది తీస్కో, టికెట్ వద్దులే" అంటాడు. పైగా అదేదో కండక్టర్‌కు చేసే ఉపకారమైనట్టు!

అసలైన ఘనత దొరసానిది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. లేని ఛార్జీని ఎగ్గొట్టడం బ్రహ్మకైనా తరమా? మనవాళ్లకు తరమైంది.

"అక్కా, ఆధార్ సూపియ్యి, జీరో టికెట్ కొడ్త."

"ఫ్రీనే గదా, మల్ల టికెట్ ఎందుకు? రోజూ సూస్తున్నవు, నా మొకం యాదికి లేదా?"

కండక్టర్‌కు యాదికుంటుంది. లెక్క రాసే మిషన్‌కు ఉండదు. ఫోన్‌లో ఫొటో చెల్లదు, ఒరిజినల్ కార్డే కావాలి. ఎందుకంటే ఆ సున్నా చీటీ విలువ సున్నా కాదు. ఆ చీటీల లెక్క చూపించి ఆర్టీసీ సర్కారును డబ్బడగాలి. చీటీ కొట్టకపోతే అక్క ప్రయాణం చేయనట్టే. డీజిల్ మాత్రం కాలినట్టే. మధ్యలో చెకింగ్ వాళ్లెక్కితే అక్కకు 500 రూపాయల దాకా జరిమానా, కండక్టర్ ఉద్యోగానికి ఎసరు.

ఎవరి స్టేజీలో వాళ్లు దులుపుకుని దిగిపోతారు. డిపోలో లెక్క అప్పజెప్పేది మాత్రం కండక్టరే. ఆ సున్నా చీటీలన్నీ కట్టగట్టుకుని రేపు ఆర్టీసీ వెళ్లి బిల్లు పెడితే, సర్కారువారు కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ "పాస్" అనకపోతే అదే పదివేలు.