ప్రైవేట్ బ్యాలెన్సూ పబ్లిక్ తండ్రీ



ఈ ఫిర్యాదు ఏ కచేరీలో దాఖలు చేయాలో తెలియక మీకు రాస్తున్నాను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మేముండే రెండు గదుల కిరాయి ఇంట్లో ఈ మధ్య ఒక బ్యాంకు, ఒక లైబ్రరీ, ఒక పార్కింగ్ స్థలం వెలిశాయి. ఒక్కదానికీ పర్మిషన్ లేదు. మూడూ మా అబ్బాయి లాప్‌టాప్‌లో, నల్ల తెర మీద తెల్లక్షరాలుగా నడుస్తున్నాయి. కరెంటు బిల్లు మాత్రం నాకే వస్తోంది.

వాడు సాయంత్రం మెట్రో ఎక్కి అమీర్‌పేట పోయి జావా నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు ‘ఊప్స్ కాన్సెప్టులు’, అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పాఠాలు, నడుస్తున్నాయట. చదివితే వచ్చేది కాదు, చిన్నచిన్న కన్సోల్ ప్రోగ్రాములు రాసి చెయ్యి తిప్పుకోవాలన్నారట సారు. కన్సోల్ అంటే బొమ్మలుండవు, మౌసుతో పని లేదు. ఒకటి నొక్కితే డిపాజిట్, రెండు విత్‌డ్రా, మూడు బ్యాలెన్స్, నాలుగు ఎగ్జిట్. సారు మాట సబబే. కాకపోతే ఆ అంకెలు నొక్కడానికి ఒక మనిషి కావాలి. రిటైరై ఇంట్లో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

‘‘నాన్నా, నువ్వు కస్టమర్‌వు. అకౌంట్ తెరువు’’ అన్నాడు. నంబరు కొట్టి ఎంటర్ నొక్కాను. పేరేమిటని అడిగి, నేను చెయ్యి కదిపేలోపే డిపాజిట్ ఎంతని అడిగింది. పేరు లేని ఖాతాదారుణ్ణయ్యాను. వాడు కాసేపు నన్ను అనుమానించి, ఆ తర్వాత ప్రోగ్రామును అనుమానించాడు. సంగతేమిటంటే, నంబరు చదివే నెక్స్ట్‌ఇంట్ అంకెల్ని మాత్రమే తీసుకుంటుంది. నేను నొక్కిన ఎంటర్ అక్కడే పడి ఉంటుంది. వెనకొచ్చే నెక్స్ట్‌లైన్ ఆ ఎంగిలి ఎంటర్‌నే నా పేరనుకుని మింగేస్తుంది. మధ్యలో ఇంకో నెక్స్ట్‌లైన్ పెట్టి దాన్ని ఊడ్పించాక నాకు పేరొచ్చింది.

తర్వాత రెండు నొక్కి, ఎంత తీస్తారంటే మైనస్ ఐదు వేలు కొట్టాను. సర్వీసంతా ఖజానా శాఖలో ఆడిట్‌వాళ్ళతో వేగినవాడికి ఇలాంటివే తోస్తాయి మరి. తీసే సొమ్ము బ్యాలెన్స్ దాటుతోందా అని మాత్రమే వాడు చూశాడు. మైనస్ ఐదు వేలు ఏ బ్యాలెన్సునూ దాటదు. దాన్ని తీసేసరికి నా ఖాతాలో ఐదు వేలు పెరిగాయి. అంతకుముందే వాడు, ‘‘బ్యాలెన్స్ ప్రైవేట్ నాన్నా, బయటోళ్ళెవ్వరూ ముట్టలేరు, దీన్నే ఎన్‌క్యాప్సులేషన్ అంటరు’’ అని గొప్పగా చెప్పి ఉన్నాడు. మా ఖజానాలో డబుల్ లాక్ ఉండేది. ఒక చెవి ఒక అధికారి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. బీరువాకు ఎన్ని తాళాలు వేస్తే ఏం, కౌంటర్లో కూర్చున్నవాడు చీటీ చూడకుండా డబ్బిస్తుంటే?

మళ్ళీ కొత్త ఖాతా తెరిచి పది పైసలు వేసి, ఇంకో ఇరవై పైసలు వేశాను. బ్యాలెన్స్ 0.30000000000000004 అని చూపించింది. సొమ్మును డబుల్ అనే రకంలో పెట్టాడట. లోపల లెక్కంతా సున్నాలూ ఒకట్లే కాబట్టి పదోవంతు అందులో సరిగ్గా ఇమడదట. ‘‘అది కంప్యూటర్ గుణం నాన్నా.’’ పైసా తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని వెతికిన తరం నాది. లెక్కంతా పైసల్లో పూర్ణసంఖ్యగా పెట్టమన్నాను. బిగ్‌డెసిమల్ అనేది ఒకటి ఇందుకే ఉందట, అది వచ్చేవారం పాఠమట.

వీటినైనా క్షమిస్తాను. అసలు గొడవ లెడ్జరు దగ్గర. వాడి ఖాతాలో బ్యాలెన్స్ అని ఒకే అంకె ఉంటుంది, డబ్బు వేసినప్పుడల్లా పాతది చెరిపి కొత్తది రాస్తాడు. బ్యాలెన్స్ మనం పెట్టేదా? జమా ఖర్చులు వరసగా రాస్తే అది తేలుతుంది. ట్రాన్సాక్షన్ అని ఇంకో క్లాసు రాయరా, ఖాతాలో వాటి లిస్టు ఉంచరా, అడిగినప్పుడు కూడి చెప్పరా అని మొత్తుకున్నాను. ‘‘సారు ఇచ్చిన అసైన్‌మెంట్ల అట్ల లేదు’’ అన్నాడు. పైగా నాలుగు నొక్కి బయటికొచ్చి మళ్ళీ తెరిస్తే ఖాతా లేదు, నేనూ లేను. ఫైలులో దాయడం ఇంకా రాలేదట.

లైబ్రరీ సంగతికొస్తే, బుక్ అనే క్లాసులో పేరు, రచయిత, ధర అని మూడు గళ్ళు. ఆదివారం అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గరికి వీణ్ణి తీసుకెళ్ళాను. బాలగురుసామి సీ ప్లస్ ప్లస్ పుస్తకం కాపీలు పక్కపక్కనే ఉన్నాయి. క్లాసు ఒకటే. ఒకదాని అట్ట ఊడింది, ఇంకోదాంట్లో కన్‌స్ట్రక్టర్ల అధ్యాయం దాకా ఎర్రగీతలుండి తర్వాతంతా కొత్త పుస్తకంలా ఉంది. ఆబ్జెక్టు అంటే ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇక ధర. నేనడిగితే ఒక మాట, మెడలో కాలేజీ ఐడీ కార్డుతో మా వాడడిగితే ఒక మాట. అక్కడ ధర గడిలో ఉండదు, కొనేవాడి మొహం చూసి అప్పటికప్పుడు తేల్చే మెథడ్ అది. ఇది చెబితే వాడు మొదటిసారి నోట్‌బుక్ తీశాడు.

పార్కింగ్ ప్రోగ్రాములో స్లాట్లు నిండగానే ‘ఫుల్’ అంటుంది. జగదీశ్ మార్కెట్ ముందర ఏనాడైనా ఎవరైనా ఆ మాట అన్నారా? ఇంకో బండికి ఎప్పుడూ జాగా ఉంటుంది. మన బండి బయటికి తీయడానికే ఉండదు.

ఈ ఊప్స్ పీడకు మూలం నార్వేలో ఉంది. ఒస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులా అనే భాష కట్టారు. కౌంటర్ల ముందు క్యూలు ఎలా పెరుగుతాయి, ఎలా కరుగుతాయి వంటివి కంప్యూటర్లో నడిపి చూడటానికి పెట్టుకున్న పని అది. సిమ్యులా 67లో క్లాసులూ ఆబ్జెక్టులూ వారసత్వమూ వచ్చాయి. 2001 సంవత్సరానికి ఇద్దరికీ ట్యూరింగ్ అవార్డిచ్చారు. అంటే క్యూలను చూసి పుట్టిన విద్య. మరి మా గల్లీ దాటితే నాంపల్లి స్టేషన్, 1907 నాటిది, టికెట్ల వరసకు కొదవ లేదు. ఇంకాస్త నడిస్తే, 1938లో మొదలై, మామూలుగా ఏటా జనవరి 1న తెరుచుకునే నుమాయిష్ ఎగ్జిబిషన్, దాని గేటు ముందు వరస. ఇవన్నీ వదిలి, ఫోన్లోనే డబ్బు పంపుకుంటూ బ్యాంకు గడప తొక్కనివాడు బ్యాంకు కడుతున్నాడు.

ఈ వారం వాడు మా సంసారాన్నే ప్రోగ్రాము చేశాడు. తండ్రి ఒక క్లాసు, కొడుకు దాన్నుంచి వచ్చిన క్లాసు. ‘పాలు తేవడం’ అనే మెథడ్ నా క్లాసులో నిండుగా ఉంది. కొడుకు క్లాసులో దాన్ని ఓవర్‌రైడ్ చేసి లోపల ఖాళీగా వదిలేశాడు. కంపైలర్ కిక్కురుమనలేదు. వాళ్ళమ్మ ఇదంతా చూసి, ‘‘బిడ్డా, ఆ చేత్తోనే గ్యాస్ కూడా బుక్ చెయ్యి, అయిపోవస్తున్నది’’ అంది. సాయంత్రానికి తెర మీద ‘సిలిండర్ బుక్ అయింది’ అని వచ్చింది. ఆవిడ కళ్ళారా చూసి మురిసింది. నిన్న పప్పు సగం ఉడికాక పొయ్యి ఆరిపోయింది. ‘‘ఏమయ్యిందిరా ఆ బుకింగు?’’ అని కేకేశాను.

‘‘సిలిండర్ అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ నాన్నా, దాన్నుంచి ఆబ్జెక్ట్ రాదు’’ అన్నాడు తల తిప్పకుండానే. ‘‘14.2 కిలోలది, 19 కిలోలది అని సబ్‌క్లాసులు రాస్తున్న. అయినంక వస్తది.’’