ప్రచారమే పారితోషికము

లోకమున సమస్తవృత్తులవారికిని ప్రతిఫలము ధనరూపమున నుండగా, స్వతంత్ర చిత్రకారునికి మాత్రము అది ప్రచారరూపమున నుండవలెనని మన నగరములలోని సభానిర్వాహకులు, ఆసుపత్రుల యజమానులు, హోటళ్ల అధిపతులు, అపార్టుమెంట్లు కట్టించు బిల్డర్లు ఏకగ్రీవముగా తీర్మానించి చాలకాలమైనది. ఈ తీర్మానమును ప్రతిపాదించినవారెవరో, బలపఱచినవారెవరో తెలియరాదు గాని, దాని అమలు మాత్రము ఏ ప్రభుత్వశాసనమును నోచుకొననంత కట్టుదిట్టముగా జరుగుచున్నది. లలితకళల కళాశాలనుండి పట్టము పుచ్చుకొని, డ్రాయింగుమాస్టరు ఉద్యోగమునకైనను దరఖాస్తు పెట్టక, తన కుంచెనే నమ్ముకొని, హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక గది అద్దెకు పుచ్చుకొన్న యువకునికి మొదటియేట వచ్చు ఫోనులలో పెక్కు ఈ తీర్మానమును ఎఱుకపఱచుటకే వచ్చును.

"ఆర్టిస్టుగారూ! మన కొత్త ఆసుపత్రి రిసెప్షన్లో ఇరవై అడుగుల గోడ ఖాళీగా ఉందండీ. దానికి మీరైతేనే న్యాయం చేస్తారని డాక్టరుగారి ఉద్దేశం. రోజుకి వెయ్యిమంది చూస్తారు. డబ్బుదేముందండీ, ఇవాళ వస్తుంది, రేపు పోతుంది. మీకెంత పేరొస్తుందో ఆలోచించండి!" అని అవతలి కంఠము తేనె లొలుకుచు పలుకును. ఆ గోడకు లప్పము పెట్టిన మేస్త్రితోగాని, ఆ నేలపై గ్రానైటు పఱచిన పనివానితోగాని, 'నీ పనిని దినమునకు వేయిమంది త్రొక్కుదురు, నీకెంత పేరు వచ్చునో ఆలోచింపు'మని చెప్పు సాహసము ఆ డాక్టరుగారు కలలోనైనను చేయరు. చేసినచో మేస్త్రి యిచ్చు సమాధానము పత్రికలలో ప్రకటింపదగినది కాదు. ఇక ఆ వేయిమంది ప్రేక్షకులన్ననో, స్కానింగు కాగితములు చంకను బెట్టుకొని, తమ టోకెను నంబరు ఎప్పుడు వెలుగునా యని తలుపుపైని ఎఱ్ఱయంకెలవంకనే రెప్పవాల్చక చూచువారు. వారి దృష్టి ఎన్నడైన గోడవంకకు మరలినను, అది మరుగుదొడ్డికి దారి యెటో తెలుసుకొనుటకే మరలును.

గోడలు లేని నిర్వాహకులు శిబిరములు నడుపుదురు. గౌరవవేతనము ముందుగా నిర్ణయించి, మాటప్రకారము చేతబెట్టు శిబిరములు కొన్ని లేకపోలేదు. వాని నిర్వాహకులకు నమస్కారము. నేను చెప్పునవి ఊరిబయటి రిసార్టులలో వారాంతమున వెలయునట్టివి. అచట చిత్రకారునికి మూడడుగుల కాన్వాసు ఒకటి, నలుగురు పంచుకొనవలసిన అక్రిలిక్ ట్యూబుల పెట్టె ఒకటి, నలుగురు పంచుకొనవలసిన గది ఒకటి, నలుగురికిని సమృద్ధిగా వంకాయకూరయు దొరకును. రెండవనాటి సాయంకాలము చిత్రకారుడు తన చిత్రము క్రింద సంతకము చేయగనే ఆ చిత్రము నిర్వాహకుని సొత్తై, బ్రతుకంతయు ఆయన గోడనలంకరించునదో, అమ్ముడుపోయి ఆయన ఇంటినలంకరించునదో యగును. చిత్రకారుని సొత్తు లామినేషను చేసిన ప్రశంసాపత్రము. అందు ఆతని పేరు తప్పుగానుండుట పరిపాటి.

సమష్టి ప్రదర్శనముల వైభవము వేఱు. పాల్గొను రుసుము చెల్లించి, ఫ్రేములు కట్టించి, ఆటో మాటాడుకొని చిత్రములను హాలునకు చేర్చిన చిత్రకారుడు, గంటన్నర ఆలస్యముగా వచ్చిన ముఖ్యఅతిథికొఱకు నిలువుగాళ్లపై వేచియుండి, ఆయన జ్యోతి వెలిగించి, తాను చిన్నప్పుడు బొమ్మలు వేసెడివాడననియు, పిమ్మట బుద్ధివచ్చి రాజకీయములలోనికి వచ్చితిననియు అర్ధగంట ఉపన్యసింపగా చప్పట్లు కొట్టవలెను. అనంతరము అందఱును చిత్రములకు వీపులు త్రిప్పి ఫొటో దిగుదురు. సమోసాలు వచ్చుటతో కళాసమీక్ష ముగియును. ఆ సభలో చిత్రకారునికి కప్పబడిన శాలువా వెల, మెఱయు కాగితములో చుట్టి యిచ్చిన జ్ఞాపిక వెల, ముఖ్యఅతిథిగారు ఆరగించిన సమోసా వెలయు ఆతడు కట్టిన రుసుములోనివే యని గ్రహించుటకు గణితశాస్త్రపాండిత్య మక్కఱలేదు. తన సన్మానమునకు తానే చందా కట్టు గౌరవము మఱి యే వృత్తివారికి దక్కినది?

ఈ యడ్డంకులన్నియు దాటి చిత్రమును కొనగోరువాడొకడు తటస్థించినచో, అతడు గృహప్రవేశము చేయనున్నవాడు. అతనికి ఏడు గుఱ్ఱములు కావలెను. అవి ఇంటిలోనికే పరుగెత్తవలెను గాని బయటికి పరుగెత్తరాదు. మీదుమిక్కిలి సోఫా రంగునకు నప్పవలెను. వెల వినగనే ఆయన గృహస్థధర్మమును విడిచి గుమాస్తాయై, "కాన్వాసెంతండీ? రంగులెంతండీ? ఎన్నాళ్లు పట్టింది? రెండు రోజులకే ఇంతా?" యని పద్దు వేయును. ఆ రెండు దినములకు వెనుకనున్న ఇరువది సంవత్సరములు ఏ పద్దులోనికిని రావు.

ఇది యన్యాయము గదా యనినచో, నిర్వాహకులు వాన్‌గో పేరెత్తుదురు. ఆ మహానుభావుడు బ్రతికియుండగా అమ్ముడుపోయినది ఒక్క చిత్రమేయనియు, దారిద్ర్యమే ఆయనను అంతవానిని చేసినదనియు, మనవారికి ధనమిచ్చి ప్రతిభను పాడుచేయుట తమకు ఇష్టము లేదనియు సెలవిత్తురు. 1890లో బ్రస్సెల్సు ప్రదర్శనమున 'ఎఱ్ఱని ద్రాక్షతోట'ను అన్నా బాక్ అను చిత్రకారిణి 400 ఫ్రాంకులిచ్చి కొన్నమాట నిజమే. ఆమె ప్రశంసాపత్రమిచ్చి కొనలేదు. అంతకంటె ముఖ్యమైన విషయమును ఈ కథకులు విడిచిపెట్టుదురు. పారిసులో చిత్రవిక్రయశాలయందు పనిచేయు ఆయన తమ్ముడు థియో నెలనెలకు అన్నగారికి ధనము పంపుచుండెను. ఆ ధనమును భిక్షగా పుచ్చుకొనుటకు మనసొప్పక, దానికి బదులుగా తన చిత్రములు తమ్మునికి చెందునట్లు 1884లో ఆయనయే ఏర్పాటు కోరెను. ఉచితచిత్రములకు కులదైవముగా నిలుపబడుచున్న ఆ పురుషుడు నెలజీతము లెక్కన చిత్రములిచ్చినవాడు! ఆయన దారిద్ర్యమును ఆదర్శముగా చూపువారు, థియో మనియార్డరును గూడ ఆదర్శముగా స్వీకరించి, నెల మొదటివారమున పంపుచుండినచో మాకు ఆక్షేపణ లేదు.

ముందు పేరు, పిదప ధనమను వాదము రెండవది. ధనము పిదప వచ్చుట సత్యమే. ఎవరికి వచ్చునన్నదే ప్రశ్న. బొంబాయిలో సినిమా హోర్డింగులు వ్రాసి పొట్టపోసికొన్న ఎం.ఎఫ్. హుసేన్ 1954లో చిత్రించిన 'గ్రామయాత్ర' ఆనాడు 1,400 రూపాయలకు అమ్ముడుపోగా, 2025 మార్చిలో న్యూయార్కు వేలమున కోటి ముప్పదియేడు లక్షల డాలర్లకు పైగా పలికెను. అప్పటికి హుసేన్ పరమపదించి పదునాలుగేండ్లు కావచ్చినది. ఈ సంగతి ఎఱిగియే మన శాసనకర్తలు 1994లో కాపీరైటు చట్టమునకు 53ఎ అను సెక్షనును చేర్చి, చిత్రము పదివేల రూపాయలకు మించి మరల అమ్ముడుపోయినపుడు అందు పదిశాతమునకు మించని వాటా చిత్రకారునికిగాని ఆతని వారసులకుగాని చెందవచ్చునని వ్రాసిరి. ఆ సెక్షను పేరు చెప్పినప్పుడు ముఖము చిట్లింపని విక్రేతను నేనింకను చూడవలసియున్నది.

ఆ చట్టముననే ఉచితప్రియులు చదువదగిన ముచ్చట మఱియొకటి కలదు. ధనమిచ్చి వేయించుకొన్న చిత్రమునకు, వేఱొప్పందము లేనియెడల, కాపీరైటు వేయించుకొన్నవానిదని 17వ సెక్షను చెప్పుచున్నది. ధనమీయనివానికి ఆ భాగ్యము లేదు. కావున రూపాయి వెచ్చింపక గోడ నిండించుకొని, పిమ్మట ఆ బొమ్మనే కొత్తసంవత్సరపు కేలండరుపై అచ్చొత్తించి పంచిపెట్టు ఆసుపత్రివారు, తమకు లేని హక్కును పంచిపెట్టుచున్నారు. పిసినితనము వలన ఇంతటి ధర్మనష్టము కలుగునని వారి లాయరుగారు చెప్పియుండరు, ఆయనకు ఫీజు ముట్టలేదేమో!

చేయూత యనగా నెట్లుండునో తెలియగోరువారు రాజమహేంద్రవరము పోవలెను. అచటి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర, దామెర్ల రామారావను బాలుని చేతిలోని విద్యను కనిపెట్టి, ఆతనికి శాలువా కప్పక బొంబాయి జె.జె. కళాశాలకు పంపెను. ఇరువదియెనిమిదేండ్లయినను నిండక 1925లో మరణించిన ఆ యువకుని చిత్రములు నేటికిని ఆ యూరి చిత్రశాలలో నిలిచియున్నవి. ఆనాడు దొరగారు ప్రచారము మాత్రమిచ్చియుండినచో, మనకు చిత్రములకు బదులు వార్తాపత్రికల కత్తిరింపులు మిగిలెడివి.

చిత్రకారుడు దానము చేయరాదని నేననుట లేదు. అనాథశరణాలయమునకో, పాఠశాలకో తన చిత్రమును మనఃపూర్వకముగ నిచ్చువానికంటె ధన్యుడు లేడు. అయితే దానము కోరువారు దానమని చెప్పియే కోరవలెను. మన దేవాలయములలో సీలింగు ఫ్యాను సమర్పించిన భక్తుని పేరు, తండ్రి పేరుతో, ఊరి పేరుతో ఆ ఫ్యాను రెక్కలమీదనే వ్రాయబడును. ట్యూబులైటు దాత పేరు దాని వెలుతురులో సగమును మ్రింగునంత పెద్ద యక్షరములలో నుండును. అట్లే ఆసుపత్రి ముంగిటి పాలరాతిపలకమీద, చిత్రము వెలను రూపాయలలో లెక్కగట్టి, సిమెంటు దాతకు పైనో బోరుబావి దాతకు క్రిందనో మొత్తమునకు తగిన వరుసలో చిత్రకారుని పేరు చెక్కింపుడు. దానము కాదు, పనియే యందురా, చెక్కు వ్రాయుడు. ఈ రెంటిలో దేనికైనను మేము సిద్ధమే. పేరు చెక్కించుటయే చౌకయని తలంచువారు మాత్రము, ఆ రాతిపనివాడు సగము సొమ్ము ముందుగా చేతబడనిదే ఉలి ముట్టడని ఎఱిగి మఱీ నిర్ణయించుకొనవలెను.