సారు రమ్మంటున్నారు

సర్కారు ఆఫీసులో "సారు రమ్మంటున్నారు" అన్న రెండు ముక్కలకున్న బలం ఏ జీవోకీ లేదు. జీవో వస్తే చదవాలి, అర్థం చేసుకోవాలి, అర్థం కాకపోతే పైవాళ్లని వివరణ కోరుతూ రాయాలి. ఈలోగా ఆర్నెల్లు గడిచిపోతాయి. ఈ రెండు ముక్కలు మాత్రం అటెండరు నోట్లోంచి ఊడిపడ్డ క్షణానే అమల్లోకి వస్తాయి. నోరు ఎండుతుంది. చేతిలో పెన్నుంటే మూత ఎక్కడ పెట్టామో కనపడదు. అప్పటిదాకా మనతో కలిసి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పక్కసీటాయన పొట్లం తనవైపు లాక్కుని ఫైల్లో తల దూరుస్తాడు.

అటెండరు మొహం చూసి సంగతి కనిపెడదామని అందరూ చూస్తారు. దండగ. ఆఫీసరు తలుపు బయట స్టూలు మీద సర్వీసంతా గడిపిన మనిషి మొహంలో ఏదీ పలకదు. ప్రమోషనొచ్చిన వాణ్నీ, సస్పెండైన వాణ్నీ ఒకే గొంతుతో పిలుస్తాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొహం చూడరు, ఒక్క ప్రశ్న అడుగుతారు: "ఫైలు పట్టుకు రమ్మన్నారా, ఊరికే రమ్మన్నారా?" ఫైలు పట్టుకు రమ్మంటే దిగుల్లేదు. తప్పేదైనా ఉంటే అది ఫైలుది. మనకి ముందు ఆ సీట్లో ఉండి బదిలీ అయి వెళ్లిపోయినవాడిది. ఊరికే రమ్మన్నారంటే మాత్రం ఆ పూటకి ఫైలు మనమే.

ఇంకో సూక్ష్మం ఉంది. రోజూ "ఏమయ్యా" అని కేకేసే ఆఫీసరు, ఉన్నట్టుండి "వారిని ఒకసారి రమ్మనండి" అని కబురంపారంటే కాళ్లలో వణుకు పుట్టాలి. మన ఆఫీసుల్లో గౌరవం ఎక్కువయ్యే కొద్దీ ప్రమాదం దగ్గర పడుతుంది. ఎప్పుడైనా మెమో చూశారా? అందులో ప్రతివాడూ శ్రీయుతుడే. నా పెళ్లి శుభలేఖలో నా పేరు ముందు "చి" వేశారు. "శ్రీ" వేసి సంపూర్ణ మర్యాద చేసింది మొట్టమొదట మా ఆఫీసు మెమోయే.

నిజానికి మనం ఇంత బెంబేలెత్తాల్సిన పనేం లేదు. ప్రభుత్వోద్యోగిని ఇంటికి పంపాలంటే మామూలుగా ముందు నేరమేమిటో చెప్పాలి, విచారణ జరపాలి, తన మాట చెప్పుకోనివ్వాలి అని రాజ్యాంగం 311వ అధికరణంలోనే రాసిపెట్టారు. ఆ పైన 1991 నాటి సీసీఏ రూల్సున్నాయి. వాటి ప్రకారం పెద్ద శిక్ష వెయ్యాలంటే చార్జిమెమో ఇవ్వాలి, జవాబుకి గడువివ్వాలి, ఎంక్వైరీ ఆఫీసర్ని వెయ్యాలి, సాక్షుల్ని పిలవాలి, వాళ్లని ఎదురు ప్రశ్నలడిగే అవకాశం మనకివ్వాలి. ఇదంతా అయ్యేసరికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. కొందరు రిటైరై, సన్మానం చేయించుకుని, శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టుకున్నాక కూడా వాళ్ల మీద విచారణ నడుస్తూనే ఉంటుంది. ప్రభుత్వానికి మన విషయంలో అంత ఓర్పు ఉంది.

మనకే లేదు. సీట్లోంచి సారు గదిదాకా ఉన్న వరండాలో మొత్తం యవ్వారం తేల్చేస్తాం. ఫిర్యాదీ మనమే, సాక్షులం మనమే, ఎంక్వైరీ ఆఫీసరూ మనమే. మంచినీళ్ల కుండ దగ్గర చార్జిమెమో తయారవుతుంది. నోటీసు బోర్డు దాటేలోపు నేరం రుజువవుతుంది. తలుపు పిడి మీద చెయ్యి వేసేటప్పటికి సస్పెండై, చేతికొచ్చే సగం జీతంలో ఇంటద్దె ఎంత, పిల్లాడి ఫీజెంత అని కూడికలు చేస్తుంటాం. 311 ఆ వరండాలో వర్తించదు.

పైగా నేరాలకేం కొదవ? పదిన్నరకి రావాల్సిన వాళ్లం పదకొండింటికొచ్చి, మూడు లేట్లకి ఒక సీఎల్ పోతుందని తెలిసీ, రెండో లేటు దగ్గర ఒడుపుగా ఆగిన నెలలు గుర్తొస్తాయి. పిల్లాడి సైన్సు ప్రాజెక్టు ఆఫీసు ప్రింటరు మీద తీసుకున్నాం, అదీ రంగుల్లో. ట్రెజరీకని వెళ్లి మాట్నీ చూసొచ్చాం. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడని నవ్వుతాం గానీ, మా సెక్షన్లో ఒకణ్ని పిలిస్తే మిగతావాళ్లందరి చేతులూ భుజాల మీదికి పోతాయి.

నాకైతే ఒకసారి భుజాలు తడుముకోవడానికి అసలు కారణమే ఉంది. అవి వాచి ఉన్నాయి. మాది కోనసీమ. సంక్రాంతికి ఒకరోజు ముందే ఊరికి చేరాలని, భోగి ముందురోజుకి సీఎల్ పెట్టాను. కారణం దగ్గర "తీవ్రమైన నడుము నొప్పి" అని రాశాను. ఆ "తీవ్రమైన" అన్న మాట లేకపోయినా సీఎల్ ఇచ్చేవారే; రాతలో నాకు కొంచెం కళాపోసన ఎక్కువ. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద అక్కడికి వేంచేస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో ఊరేగిందీ ఈ తీర్థమే. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు గట్టు మీద నిలబడి చూడ్డం ఏ కోనసీమ వాడి వల్లా కాదు. నేనూ దిగాను. మా బామ్మర్ది ఫొటో తీశాడు. తీసినవాడు ఊరుకోక వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

పండగ సెలవులయ్యాక మొదటి రోజే అటెండరొచ్చాడు. "సారు రమ్మంటున్నారండి." ఫైలా? "ఊరికేనండి."

లోపలికెళ్లగానే సారు, "రండి, కూర్చోండి" అన్నారు. ఆ గదిలో కుర్చీలు ఎమ్మెల్యే గారి మనుషులకి. మా సిబ్బంది వాటిని చూడ్డమే గానీ కూర్చున్నది లేదు. అంచున ఆనుకున్నాను.

"నడుం నొప్పన్నారు, ఎలా ఉందండీ ఇప్పుడు?"

"కొంచెం నయమండి."

ఆయన ఫోను నావైపు తిప్పారు. అందులో నేను. నడుం లోతు నీళ్లలో, ప్రభ కర్ర భుజాన వేసుకుని, "శరభ శరభ" అంటూ కొండనాలుక కనపడేలా నోరు తెరిచి ఉన్నాను. వరండాలో నా మీద నేను వేసుకున్న శిక్షలన్నీ తక్కువే అనిపించింది.

"మూడ్రోజుల్లో మనిషిని ఇలా లేపాడంటే మామూలు వైద్యుడు కాదండీ. ఎవరాయన? నేను రెండు నెలల్నుంచీ వంగితే లేవలేకపోతున్నాను."

మా సారుది రాజమండ్రి అవతల. గోదావరి జిల్లాల వాళ్ల వెటకారానికి మొహంలో ఆనవాలుండదు. అది నిజమైన నొప్పో, నాకు పెట్టిన వాతో ఇప్పటికీ తేలలేదు. ఏమైతేనేం, చార్జిమెమో కన్నా అబద్ధం చవక అనిపించి, "మా ఊళ్లో ఒకాయన నూనె ఇస్తాడండి" అనేశాను. "తెప్పించండి" అన్నారు. సాయంత్రం కిరాణా కొట్లో నువ్వుల నూనె కొన్నాను. ఇంట్లో మా ఆవిడ కాచి, కర్పూరం వేసి, పాత దగ్గుమందు సీసాలో పోసిచ్చింది. "ఇందుకన్నా లేటు మార్కే నయం కదండీ" అని కూడా అంది.

సారుకి గుణం కనపడిందట. కనీసం అలా అన్నారు. రెండో సీసా అడిగారు. తర్వాత ఆయన వియ్యంకుడికి మోకాళ్లన్నారు. మొన్న ఆడిటుకొచ్చినాయన కూడా నా సీటు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, మెడ నొప్పికి పనికొస్తుందా అని అడిగి వెళ్లాడు. నువ్వుల నూనె ధర నాకంటే బాగా తెలిసినవాడు మా ఆఫీసులో ఇప్పుడు లేడు.

కాబట్టి తోటి ఉద్యోగులకి నా మనవి. ఏడాదికి మనకిచ్చిన 15 సీఎల్సు మనవే. అప్లికేషన్లో కారణం దగ్గర "సొంత పనుల నిమిత్తం" అని రాసి ఊరుకోండి. సొంత పనికి డాక్టరెవరని ఏ సారూ అడగడు.