శిరోఘాతిని: ఒక పారిస్ గదికి టీకా తాత్పర్యం

మూలం: "పారిస్ నడిబొడ్డున, ఆరో అంతస్తులో, జింకు కప్పుల మీదికి తెరుచుకునే కిటికీతో వెలుగు నిండిన మనోహరమైన గది. 9 చ.మీ. వంటగది కలదు."

అవతారిక: ఈ ఊళ్ళో గది అద్దెకిచ్చే కవులందరిదీ ఒకటే మార్గం. ‘ఇరుకు’ అన్న మాట గ్రామ్యదోషమని వాడరు. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టాడు. ఆరో అంతస్తు దాకా పెట్టె మోసే పని పడలేదు గనక ఆయనకు చెల్లింది.

టీక: పారిస్, నడిబొడ్డు, కిటికీ — స్పష్టం.

జింకు కప్పు: ఇక్కడ కొంచెం ఆగాలి. ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ 1853లో ఓస్మాన్‌ను పారిస్ ఉన్న సేన్ ప్రాంతానికి ప్రిఫెక్టుగా, అంటే పాలనాధికారిగా వేశాడు. ఓస్మాన్ పాత సందులు కూల్చి వెడల్పాటి వీధులు వేయించాడు. వాటికి ఇరువైపులా ఒకే ఎత్తున రాతి భవనాలు లేచాయి. లిఫ్టులు లేని కాలం కనుక మెట్లు పెరిగేకొద్దీ హోదా తగ్గేది. బాల్కనీ ఉన్న రెండో అంతస్తు యజమానిది, ఏటవాలు కప్పు కింది గూడు పనిమనిషిది. ఆమె బొగ్గుబుట్టతో అయ్యగారికి ఎదురుపడకుండా వెనక వేరే మెట్లు కట్టారు. తర్వాత లిఫ్టు వచ్చింది, ముందువైపు మెట్లకే వచ్చింది. చాలా భవనాల్లో ఈ గదులకు నేటికీ ఆ వెనక మెట్లే గతి. ఇక జింకు: తేలికైనది, వాలు తక్కువైనా నిలుస్తుంది, వానకు డప్పులా మోగుతుంది. ఆ రేకు పరిచే పనివాళ్ళ నేర్పును 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. తగిన గౌరవమే. ఆ రేకు కింద జూలై నెలలో నిద్రపోయేవాళ్ళ నేర్పు ఏ పట్టికలోకి వస్తుందో?

ఏం చెప్పుకుంటున్నాం? గది గురించి.

మనోహరం: కుండలోని ఆకాశమూ బయటి ఆకాశమూ ఒకటేనంటారు అద్వైతులు. ఇంటాయన కూడా కిటికీ తెరిచి, పొగగొట్టాలన్నీ చూపించి, "ఇదంతా మీదే" అంటాడు. అద్దె మహాకాశానికి కడతాం. తల తగిలేది ఘటానికి.

వంటగది: గంగలో పల్లె ఉందంటే నీళ్ళలో ఇళ్ళు కట్టారని కాదు, ఒడ్డున అని అర్థం. లక్షణకు ఇది ఆలంకారికుల పాత ఉదాహరణ. అలాగే వంటగది అంటే మంచం కాళ్ళ దగ్గర ఒక కరెంటు పొయ్యి. పోపు పెడితే దిండుకు ఇంగువ వాసన.

9 చ.మీ.: 2002 నాటి ఉత్తర్వు ప్రకారం అద్దెకిచ్చే ఇంట్లో 2.20 మీటర్ల ఎత్తున 9 చదరపు మీటర్ల గదైనా ఉండాలి, లేదా 20 ఘనపు మీటర్ల చోటైనా ఉండాలి. కవి గణం తప్పలేదు, ఒక్క అక్షరం ఎక్కువా వేయలేదు. ‘12 చ.మీ.’ అనే పాఠాంతరం కూడా ఉంది. 1.80 మీటర్లకన్నా కప్పు దిగిన చోటు చట్టం లెక్కలోకి రాదు. అది కలిపి కొలిచిన పాఠం కనుక ప్రక్షిప్తం.

అనుక్తం: నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? కనబడకపోవడం వల్ల. దీన్ని అనుపలబ్ధి అని భాట్ట మీమాంసకులు వేరే ప్రమాణంగానే ఒప్పుకున్నారు. మరుగుదొడ్డి సంగతి ఆ ప్రమాణంతోనే గ్రహించాలి. అది గుమ్మం బయట నడవ చివర ఉంటుంది, అంతస్తు మొత్తానికీ ఉమ్మడి. పారిస్‌లో అద్దెకు గరిష్ఠ పరిమితి ఉన్నా, గదికి ఏదో విశేషముందని అదనంగా అడగవచ్చు. మరుగుదొడ్డి బయటున్న ఇంటికి ఆ అదనం చెల్లదని 2022 ఆగస్టు చట్టం తేల్చింది. ఇంతకన్న పొదుపైన వ్యాఖ్య నేను రాయలేను.

తాత్పర్యం: ఆనాడు ఈ గదిలో ఉన్నందుకు మనిషికి జీతమిచ్చేవారు. ఈనాడు అదే గదిలో ఉంటామంటే, అద్దెకు మూడింతల జీతం వస్తున్నట్టు కాగితాలు చూపమంటున్నారు. అవి చూపించాక, ఫ్రాన్సులోనే ఉండే పూచీదారును ఒకణ్ణి తెమ్మంటున్నారు.