కొండ నా పుట్టిల్లు

నేను కందిగింజంత బంగారు గడ్డను. కెనడాలోని యూకాన్ ప్రాంతం, క్లోండైక్ సీమలో బొనాంజా వాగు అడుగురాతి పగులులో దొరికాను. అంతకుముందు దాన్ని కుందేలు వాగు అనేవారు. 1896 ఆగస్టులో కీష్, జార్జి కార్మాక్ బృందానికి అక్కడ పసిడి కనిపించింది. వెనకే వేలమంది పళ్లేలు, పారలు పట్టుకుని వచ్చిపడ్డారు. నాటి నుంచి నాది ఏటి బంగారమనే పేరు స్థిరపడింది. నిజానికి ఏరు నా మెట్టినిల్లు మాత్రమే. జురాసిక్ కాలంలో వేడినీళ్లు షిస్టు రాతి పగుళ్లలోకి ఎగదన్ని, వాటిలో కరిగినవి పలుగురాతి చారలుగా గట్టిపడ్డప్పుడు నేను పుట్టాను. సాక్ష్యం నా ఒంటిమీదే ఉంది: నా గుంటలో తెల్లటి పలుగురాయి ఇంకా ఇరుక్కునే ఉంది. కొండచారలకు దగ్గరగా దొరికే నా తోబుట్టువులు గరుకుగా, కొనలు దేరి ఉంటారు. దిగువకు పోయేకొద్దీ అరిగి, సాగి, రేకుల్లా పలచబడతారు. ఏరే కని ఉంటే ఈ తేడా ఎందుకొస్తుంది?

కొండలో అంత బంగారముంటే కోలారులా లోతైన గని అక్కడ ఎందుకు వెలవలేదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చారలు సన్ననివే, కానీ లక్షల ఏళ్లపాటు ఎంత కొండ అరిగిపోయిందో లెక్కలోకి తీసుకోవాలి. పలుగురాయి నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు, స్వచ్ఛమైన బంగారం పందొమ్మిది రెట్లు. ప్రవాహం దాన్ని ఈడ్చుకుపోయి నన్ను అడుగున వదిలేస్తుంది. అలా ప్లయోసీన్ కాలంలో పేరుకున్న తెల్లకంకరను భూగర్భ శాస్త్రవేత్త మెకానెల్ 1905 నాటి నివేదికలో వర్ణించాడు. తర్వాత వాగులు ఆ కంకరనే కోసుకుంటూ దిగి, మమ్మల్ని రెండోసారి కడిగి లోయ అడుగున పోగేశాయి. అన్నిటికంటే గొప్ప అదృష్టం, మంచుయుగాల్లో హిమానీనదాలు ఈ లోయల మీదికి రాలేదు. వచ్చి ఉంటే ఆ పోగునంతా గీకి చెల్లాచెదురు చేసేవే. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మమ్మల్ని కప్పి ఉంచింది. కట్టెల మంటలతో దాన్ని కరిగించుకుంటూ గనివాళ్లు అడుగురాతిదాకా గుంతలు తవ్వారు.

నీటిలో కరిగిన బంగారం కంకరలోనే మళ్లీ పేరుకుని గడ్డలవుతుందన్నది మరో వాదన. అందులో కొంత నిజముంది, సన్నని పూత అలా ఏర్పడవచ్చు. అయితే అలా పేరుకున్న బంగారంలో వెండి దాదాపు ఉండదు. నా నడిగర్భంలో వెండి కలిసే ఉంది, కొండచారల్లోని బంగారంలో ఉన్నట్టే. పైతోలులో మాత్రమే తగ్గింది. ఏరు నన్ను నునుపు చేసింది, నలుగురిలో చేర్చింది. కన్నది మాత్రం కొండే. క్లోండైక్ బంగారు గడ్డ ఎప్పుడైనా మీ కంటపడితే దాని గుంటల్లోకి తేరిపార చూడండి, తెల్లటి పలుగురాయి ఇంకా అంటుకుని ఉందేమో.