ప్రతినాయక వధాకాల నిర్ణయం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం పండితలోకానికి తెలిసిందే. ఈ వ్యాఖ్యాత మొదటి నియమానికి కట్టుబడతాడు. రెండోదానికి మాత్రం ఆదిలోనే నీళ్లు వదిలాడు, ఎందుకంటే ఎత్తుకున్న విషయమే అక్కర్లేనిది. మల్లినాథుడు తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. ఈ టీకకు ‘ద్విఖండిని’ అని నామకరణమైంది. కారణం ముందు ముందు తెలుస్తుంది.

మూలం

అయ్యో, విలన్ని ముందే చంపేశారు! ఇక మిగిలిందేముంది?

ప్రతిపదార్థం

అయ్యో = టికెట్ డబ్బులు తలుచుకొని పుట్టిన శోకంతో; విలన్ని = ఇంతవరకు భయపెట్టి, ఇకమీదట కూడా భయపెడతాడని నమ్మించిన ప్రతినాయకుణ్ణి; ముందే = చావదగిన భాగానికి కనీసం ఒక భాగం ముందుగా; చంపేశారు = నాయకుడు ఒక్కడే చంపినా, కథకుడు, దర్శకుడు, నిర్మాత అతని వెనక నిలబడ్డారు కనుక బహువచనం; ఇక = విశ్రాంతి తరువాత; మిగిలిందేముంది = మిగిలింది ఏదో చెప్పండి, చూస్తాం అని సవాలు.

మూలకర్త అజ్ఞాతుడు. సమోసా చేత్తో పట్టుకొని పలికాడని సంప్రదాయం. ‘ముందే’ అనే చోట ‘ఊరికే’ అని పాఠాంతరం ఉంది. పైపైన చూస్తే రెండూ ఒకటే ఫిర్యాదు. నిజానికి మొదటిది కాలదోషం, రెండోది కారణదోషం. ఈ తేడా పట్టించుకోకనే స్టార్ వార్స్ చిత్రాల అభిమానులు ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు కలబడుతున్నారు.

లక్ష్యాలు

మూలవాక్యానికి గురి ఇద్దరు. మొదటివాడు డార్త్ మాల్. జార్జ్ లూకాస్ తీసిన ‘ద ఫాంటమ్ మెనేస్’లో (1999) ఎర్రటి ముఖం మీద నల్లటి గీతలతో, తలనిండా కొమ్ములతో, రెండు వైపులా వెలిగే కాంతిఖడ్గంతో వచ్చాడు. ఒళ్లు రే పార్క్‌ది, గొంతు పీటర్ సెరఫినోవిచ్‌ది. ఆ గొంతుకు దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగే మాటలు. చివర్లో గురువు క్వైగాన్‌ని చంపి, శిష్యుడు ఒబీవాన్ చేతిలో నడుముకు రెండుగా తెగి, లోతు తెలియని గోతిలో పడ్డాడు. రెండోవాడు స్నోక్. ‘ద ఫోర్స్ అవేకెన్స్’లో (2015) కొండంత ఛాయారూపంగా కనిపించాడు. నటుడు ఆండీ సర్కిస్. రయన్ జాన్సన్ తీసిన ‘ద లాస్ట్ జెడై’లో (2017) సింహాసనం మీద కూర్చుని, శిష్యుడు కైలో రెన్ మనసు తనకు అద్దంలా కనిపిస్తోందని గొప్పలు చెప్పుకుంటున్న క్షణంలోనే ఆ శిష్యుడి చేతిలో పోయాడు. ఇతనూ రెండు ముక్కలే.

ఇంకో పోలిక కూడా ఉంది. ఇద్దరినీ చంపిన కత్తి చంపినవాడిది కాదు. ఒబీవాన్ చేతికి వచ్చింది చనిపోయిన గురువు కత్తి. కైలో రెన్ తిప్పింది కథానాయిక రే వెంట తెచ్చిన స్కైవాకర్ల కత్తి, అది అప్పటికి సింహాసనం చేతిపక్కనే ఉంది. దీన్ని ‘పరాయుధవధ’ అని ఒక అలంకారంగా పేర్కొనాలని వ్యాఖ్యాత ప్రతిపాదన. అలంకారికులు ఒప్పుకుంటారో లేదో.

పూర్వపక్షం

పూర్వపక్షి వాదం ఇది. ప్రతినాయకుడు చివరి భాగం దాకా బతకాలి. రావణుడు యుద్ధకాండ చివర దాకా ఉన్నాడు. దుర్యోధనుడు పద్దెనిమిదో రోజు దాకా ఉన్నాడు. ‘బాహుబలి’ మొదటి భాగంలో (2015) కాలకేయుడు పోయినా, భల్లాలదేవుణ్ణి రెండో భాగం (2017) చివరిదాకా కాపాడుకున్నారు. కాబట్టి మాల్, స్నోక్ ఇద్దరి చావూ అకాలమే.

వినడానికి బాగుంది. కానీ పూర్వపక్షి సభాపర్వం తెరవకుండానే పుస్తకం మూసేసినట్టున్నాడు. జరాసంధుడు భారతంలో చిన్న విలనా? ఎందరో రాజులను చెరబట్టినవాడు, కృష్ణుణ్ణి మథుర విడిచి ద్వారకకు తరలిపోయేలా చేసినవాడు. అయినా రాజసూయానికి ముందే భీముడి చేతిలో పోయాడు. శిశుపాలుడు ఆ యాగంలోనే పోయాడు. అప్పటికి అసలు జూదమే మొదలు కాలేదు. జరాసంధుణ్ణి ముందే చంపేశారు, ఇక భారతంలో మిగిలిందేముందని ఏ శ్రోతా లేచి వెళ్లలేదు.

పోనీ, సాగా లోపలి సాక్ష్యమే చూద్దాం. 1977 నాటి తొలి చిత్రంలో డెత్ స్టార్ అనే యుద్ధస్థావరం మీద పెత్తనం టార్కిన్‌ది. పీటర్ కుషింగ్ వేశాడు. నల్లముసుగు విలన్ డార్త్ వేడర్ అంతటివాడు కూడా ఆయన మాట వింటాడు. ఆ చిత్రం ఆఖర్లోనే టార్కిన్ పేలిపోయాడు. ఇన్నేళ్లలో టార్కిన్ అకాలమరణానికి కన్నీరు పెట్టిన అభిమాని వ్యాఖ్యాత కంటపడలేదు. వేడర్ నౌక మాత్రం గింగిరాలు తిరుగుతూ అంతరిక్షంలోకి తప్పించుకుంది కదా.

అందుచేత ‘ముందే’ అన్న మాటను రీళ్ల లెక్కన కొలవడం పొరపాటు. విలన్ ఎవరికి ఎంత బాకీ ఉన్నాడు, అది తీరిందా, అతని కుర్చీలో ఎవరు కూర్చున్నారు అన్న లెక్కన కొలవాలి. భారతయుద్ధంలో భీష్ముడు పదో రోజున ఒరిగాడు. వెంటనే ద్రోణుడికి సేనాపతిగా అభిషేకం జరిగింది. ఆయన తరువాత కర్ణుడు, ఆ తరువాత శల్యుడు. కౌరవ శిబిరంలో ఆ పదవి ఒక్క పూట కూడా ఖాళీగా లేదు. పైగా భీష్ముణ్ణి అంపశయ్య మీద కథలోనే ఉంచారు. చంపడమూ కాదు, వదలడమూ కాదు. ఇంతటి నేర్పు తరువాతి కథకుల్లో అరుదు.

మాల్ విషయం

ఈ కొలతకు మాల్ నిలవడు. అతని చావు నిస్సందేహంగా అకాలమే.

ఎందుకో చూడండి. మాల్ చంపింది ఒబీవాన్ గురువును. కథల్లో గురుహత్య కంటే పెద్ద బాకీ ఏముంటుంది? అలాంటి బాకీ నిమిషాల్లో తీరిపోయింది. గురువు కూలాడు, శిష్యుడు ఎగిరాడు, హంతకుడు తెగాడు. ఇంకో రెండు చిత్రాలు నడవాల్సిన పగ ఒకే పోరులో చల్లారింది. ద్రౌపదికి సభలో జరిగిన అవమానం పదమూడేళ్లు రగిలింది కాబట్టే కురుక్షేత్రానికి ఆ వేడి. మర్నాడే భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి ఉంటే మనకు మిగిలేది ఒక ఖండకావ్యం.

పైగా ఆ పోరుకు జాన్ విలియమ్స్ కట్టిన ‘డ్యుయెల్ ఆఫ్ ద ఫేట్స్’ బృందగానం ఉంది. దాని సాహిత్యం ఒక ప్రాచీన వెల్ష్ కవిత ఆధారంగా సంస్కృతంలో కూర్చినది. అంటే ఆ విలన్ని దేవభాషలో పాడించి మరీ చంపారు. అంత మర్యాద చేసి పంపిన తరువాత అతని కుర్చీ ఎవరికిచ్చారు? ‘ద ఫాంటమ్ మెనేస్’తో మొదలైన మూడింటిలో రెండో చిత్రం (2002) సగం దాటాక కౌంట్ డూకూ వచ్చాడు. క్రిస్టఫర్ లీ మహానటుడే, అప్పటికి ఆయనకు ఎనభై నిండబోతున్నాయి. మూడో చిత్రం (2005) మొదట్లోనే ఆయన తల తెగింది. ఆ చిత్రంలోనే జనరల్ గ్రీవస్ వచ్చి, దగ్గి, పోయాడు. ముగ్గురు విలన్లు వంతులవారీగా చేసిన పని మాల్ ఒక్కడే చేయగలిగేవాడు. ఒబీవాన్‌కు మూడు చిత్రాల పొడుగునా ఒకే ఒక్క శత్రువు ఉండేవాడు.

ఇది వ్యాఖ్యాత కల్పన కాదు. చంపించినవాడే ఒప్పుకున్నాడు. లూకాస్ హయాంలోనే, 2012లో, ‘ద క్లోన్ వార్స్’ యానిమేషన్ ధారావాహికలో మాల్ తిరిగొచ్చాడు. లోథో మైనర్ అనే చెత్తగ్రహంలో, మతి చెడి, నడుము కింద సాలీడు కాళ్లలాంటి యంత్రంతో దొరికాడు. తరువాత మాండలోర్ రాజ్యం పట్టాడు. ఒబీవాన్ మనసిచ్చిన సటీన్‌ను అతని కళ్లముందే చంపాడు. చివరికి 2017లో ‘రెబెల్స్’ ధారావాహికలో టాటూయిన్ గ్రహపు ఇసుకలో, ముసలి ఒబీవాన్ రెండు మూడు వేట్లలో అతన్ని ముగించాడు. చివర శత్రువును తన చేతుల్లో పట్టుకొని సాగనంపాడు. పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా వచ్చిన ఈ చావే సకాలమరణం. బాకీ ముదిరి, వడ్డీతో తీరింది.

ఇక్కడ టీకాశీర్షికకు సమర్థన. జరాసంధుడు రెండు ముక్కలుగా పుట్టి, జర అనే రాక్షసి కలిపితే బతికినవాడు. భీముడు ఎన్నిసార్లు చీల్చినా అతుక్కుంటుంటే, కృష్ణుడు గడ్డిపరకను చీల్చి ముక్కలను తారుమారు చేసి విసిరి చూపాడని మన కథకులు చెబుతారు. ఒబీవాన్ పక్కన ఆ సమయానికి గడ్డిపరక చూపేవాడు లేడు. రెండు ముక్కలూ ఒకే గోతిలో పడ్డాయి. తిరిగి రాడా మరి?

స్నోక్ విషయం

స్నోక్ గురించి మూలకర్త పొరబడ్డాడు. స్నోక్ చావు ముందూ కాదు, ఊరికేనూ కాదు.

అతను ఎవరికి బాకీ? రే అతన్ని ఎదురుగా చూసింది ‘ద లాస్ట్ జెడై’లోనే. అసలు బాకీ కైలో రెన్‌కు. ఆ చిత్రం మొదట్లోనే స్నోక్ శిష్యుడి ముసుగును వెక్కిరించాడు, శిష్యుడు దాన్ని గోడకేసి పగలగొట్టాడు. గురువు అహంకారమే గురువును మింగింది. చంపినవాడు ఆ కుర్చీ ఎక్కి తానే సర్వాధికారి అయ్యాడు. అంతకు ముందు చిత్రంలో కన్నతండ్రి హాన్ సోలోను చంపినవాడు ఇతనే. అంటే ఉన్నవాడికంటే పెద్ద విలన్, ఎక్కువ బాకీలున్నవాడు పీఠం మీదికొచ్చాడు. ‘ఇక మిగిలిందేముంది’ అన్న ప్రశ్నకు జవాబు తెర మధ్యలో నిలబడి ఉండగా ప్రేక్షకుడు పడిపోయిన ముక్కలకేసి చూశాడు.

ఆక్షేపం: స్నోక్ ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పనేలేదు కదా?

సమాధానం: పాత మూడు చిత్రాల చక్రవర్తి గురించి ఎవరు చెప్పారు? 1980లో ఛాయారూపంగా వచ్చాడు, 1983లో వేడర్ ఎత్తి గోతిలో పడేశాడు. తెర మీద పేరైనా పలకలేదు. అప్పుడు లేని వంశవృక్షం ఇప్పుడెందుకు?

ప్రత్యాక్షేపం: అప్పుడు ప్రపంచమే కొత్తది, అడగడానికి ఏమీ తెలియదు. ఇప్పుడు ఆరు చిత్రాల చరిత్ర తెలిసిన ప్రేక్షకుడు, ఇంత బలవంతుడు అన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాడని అడిగితే తప్పేముంది?

ఈ ప్రత్యాక్షేపం న్యాయమైనదే. వ్యాఖ్యాత సగం ఒప్పుకుంటాడు. ఆ అప్పు 2015లో జె.జె. ఏబ్రమ్స్ చేసింది. 2017లో జాన్సన్ తీర్చలేదు సరే, కాగితమే చించేశాడు.

అసలు దోషం ఆ తరువాతి చిత్రానిది. తొమ్మిదో చిత్రానికి మొదట అనుకున్న దర్శకుడు కోలిన్ ట్రెవరో 2017లోనే తప్పుకున్నాడు. మళ్లీ ఏబ్రమ్స్ వచ్చాడు. కుర్చీలో కూర్చున్న కైలో రెన్ చాలడనుకొని, 1983లో పోయిన ఆ చక్రవర్తి పాల్పటీన్‌ను లేపాడు. ఆ పునరుత్థాన ప్రకటన సినిమా విడుదలకు కొద్ది రోజుల ముందు ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లో వినిపించింది. సినిమాలో పో డామరన్ అనే పాత్ర చేత అతను ఎలాగోలా వచ్చేశాడని ఒక్క ముక్క అనిపించి సరిపెట్టారు. న్యాయశాస్త్రంలో ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ‘ఎలాగోలా’ ఐదోది, గౌతమ మహర్షి మరచిపోయినట్టుంది. స్నోక్ పాల్పటీన్ తయారుచేసిన బొమ్మ అని గాజుతొట్లలో తేలే శరీరాలను చూపించి, అతని చావుకున్న విలువను కూడా ఊడ్చేశారు.

విశేషం

చచ్చిన విలన్ని లేపడం తప్పు కాదు. లేపే దారి కథలో ఉండాలి. జయవిజయుల సంగతే తీసుకోండి. హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా మూడుసార్లు వస్తారని వైకుంఠం గుమ్మం దగ్గరే ఒప్పందం కుదిరింది. ఎన్నిసార్లు వచ్చినా ఎవరూ ఎలాగని అడగరు.

సినిమాలో ఈ విద్య నేర్చుకోవడానికి హాలీవుడ్ అంతదూరం పోనక్కర్లేదు. కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళ భైరవి’లో (1951) నేపాళ మాంత్రికుణ్ణి తోట రాముడు సినిమా మధ్యలోనే భైరవికి బలిచ్చేస్తాడు. ఎస్వీ రంగారావును సగం సినిమాకే పోగొట్టుకున్న ప్రేక్షకుడు నోరు తెరిచేలోపు, రాముడికి మేడలు, మిద్దెలు, రాకుమారి అన్నీ సమకూరతాయి. ఇక శుభం కార్డే అనుకునే వేళకు శిష్యుడు సదాజపుడు సంజీవనితో గురువును లేపుతాడు. అక్కడినుంచి రాముడు పోగొట్టుకోవడానికి ఎంత ఉందో చూడండి! రచయిత పింగళి నాగేంద్రరావు మాంత్రికుణ్ణి ముందే చంపింది అందుకే. విలన్ చచ్చిన తరువాత నాయకుడు కూడబెట్టుకున్న సుఖమంతా, లేచిన విలన్‌కు దోచుకోవడానికి సరుకైంది. లేపడానికి శిష్యుడున్నాడు, మందు ఉంది, ‘ఎలాగోలా’ అనాల్సిన అవసరం పడలేదు.

తాత్పర్యం

మాల్ విషయంలో మూలవాక్యం ప్రమాణం. స్నోక్ విషయంలో అప్రమాణం. పాల్పటీన్ విషయంలో ‘ముందే’ తీసి ‘రెండోసారి’ అని సవరించి చదువుకోవాలి. 1999లో రెండు ముక్కలై గోతిలో పడ్డ మాల్ పేరు మీదనే ‘మాల్: షాడో లార్డ్’ అని ప్రత్యేకంగా ఒక యానిమేషన్ ధారావాహిక తీస్తున్నట్టు లూకాస్‌ఫిల్మ్ 2025లో ప్రకటించింది.