నేను పాలకూర కట్టను

హైదరాబాద్‌లో మూసీ నది నాగోలు దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు ఉన్న మళ్లలో పుడతాను. నెల తిరిగేసరికి కోతకొచ్చి, కట్టనై, సరూర్‌నగర్ రైతుబజారుకో, దిల్‌సుఖ్‌నగర్ తోపుడుబండికో చేరతాను. మాంసం రోజూ కొనలేని ఇంటికి నాలాంటి ఆకుకూరలతో ఇనుము, ఫోలిక్ ఆమ్లం చవకగా అందుతాయి. అందుకే నా ఆకుకు తగిలే పొగ నన్ను పప్పులో వేసుకునే ఇంటి సమస్య కూడా.

నాది వెడల్పాకు, నేలకు దగ్గరగా పెరిగే ఒళ్లు. వరంగల్ హైవే మీద లేచే దుమ్ము, బ్రేకులూ టైర్లూ అరిగి రాలే పొడి నా మీద వాలతాయి. వాహనాల పొగలోని వాయువులు ఎండకు ఓజోన్‌గా మారడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ఆ ఓజోన్ తరచు నడి నగరంలో కన్నా శివారు మళ్ల మీదే ఎక్కువ. అది ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దూరి పచ్చదనాన్ని దెబ్బతీస్తుంది. రైతుకు కట్టలు తగ్గుతాయి, కొనేవారికి ధర పెరుగుతుంది. వారణాసి శివార్లలో చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో గాలి చెడిన చోట పాలకూర, గోధుమ, ఆవ, పెసర దిగుబడి పడిపోయినట్టు తేలింది. అక్కడిదే 2009 నాటి మరో అధ్యయనం, పండిన చోటి కన్నా అమ్మే చోట కూరల్లో లోహాలు ఎక్కువని చెప్పింది. అంటే నా ప్రయాణమూ బండి మీద నిరీక్షణా నన్ను మరింత పాడుచేస్తున్నాయి.

తప్పంతా మూసీ మురికినీటిదే అంటారు కొందరు. నీటి పాపం ఉంది, కాదనను. కానీ బోరు నీటితో పెరిగినా రోడ్డు దుమ్ము తప్పదు. కడిగితే పోతుందంటారు ఇంకొందరు. పైదుమ్ము చాలావరకు పోతుంది, లోపలికి ఇంకినది పోదు. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లో ఆగింది, మట్టిలో చేరిన సీసం మాత్రం అంత తేలిగ్గా వదలదు. అలాగైతే నగరం చుట్టూ సాగే మానేయాలన్నది మూడో వాదన. మానేస్తే డాబా ఉన్నవారు మిద్దెతోట వేసుకుంటారు. కౌలురైతు పని పోతుంది, అద్దెగదిలో ఉండేవారి పళ్లెంలోంచి ఆకుకూర పోతుంది.

నన్ను తీసేయడం పరిష్కారం కాదు, నా చుట్టూ గాలిని మార్చాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో హైదరాబాద్ ఉంది. ఆ లెక్కల్లో ఊపిరితిత్తులతో పాటు పళ్లేన్నీ చేర్చాలి. మడికీ రోడ్డుకీ మధ్య దట్టమైన చెట్లు, ఆకుకూర బండ్లకు రోడ్డుకు దూరంగా చోటు, పైన కప్పు, మంచినీటి కొళాయి, మార్కెట్లలో సీసం పరీక్ష కావాలి. కొనేవారు నన్ను రెండు మూడు నీళ్లలో కడిగి వండండి, మిగతావి మీ కార్పొరేటర్‌ని అడగండి.